జ్ఞాపకం ఉంది, కథ కుదరట్లేదు

కొత్తకలం: చిన్నప్పటి సంగతులు రాస్తుంటే డైరీలా తయారవుతున్నాయి. వాటిలోంచి కథను పట్టుకోవడం ఎలా?

వేపచెట్టు: సంఘటనతో కాకుండా వస్తువుతో మొదలుపెట్టండి. అటక మీది ట్రంకుపెట్టె ఉందనుకోండి: తుప్పు పట్టిన గొళ్ళెం, కలరా ఉండల వాసన, అడుగున పరిచిన పాత పేపరు. పెన్ను ఎత్తకుండా 10 నిమిషాలు రాయండి. తర్వాత ఒకటే ప్రశ్న: ఈ పెట్టె ఎవరికి కావాలి, ఎవరు ఇవ్వనన్నారు? ఆ పేచీలోనే కథ ఉంటుంది. పేచీ దొరక్కపోతే పక్కన పెట్టేయండి, సాగదీస్తే వర్ణనగానే మిగిలిపోతుంది.

నల్లసిరా: "నిజంగా ఇలాగే జరిగింది" అన్న పట్టుదలే చాలా కథల్ని పాడుచేస్తుంది. ముగ్గురు మేనత్తలుంటే ఒక్కరిని చేయండి, నాలుగేళ్ళ గొడవను ఒక్క పెళ్ళిరోజులోకి కుదించండి. మాటతీరు మాత్రం మార్చొద్దు. ఇంట్లో తపేలా అంటే తపేలా అనే రాయండి. ఊరు చిన్నదని బెంగ వద్దు, సత్యం శంకరమంచి ఒక్క అమరావతి మీదే 100 కథలు రాశారు.

కొత్తకలం: బంధువులు గుర్తుపట్టి నొచ్చుకుంటే?

వేపచెట్టు: పేరొక్కటే మారిస్తే చాలదండీ. వృత్తి, వయసు, ఊరు, వీటిలో కనీసం రెండు మార్చండి. ఊతపదం తీసేయండి, జనం ముందు పట్టేది దాన్నే.