పాత జాన్సన్ 6 హెచ్‌పీ బోటు మోటరు: వేడెక్కితే ఆగిపోతోంది

ప్రశ్న (మైలవరం, కడప జిల్లా):
అన్నా, 1970ల నాటి మోటరు. చల్లగా ఉంటే ఒక్క లాగుకే స్టార్టవుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో పది నిమిషాలకు ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ మామూలే. కార్బురేటర్ కడిగినా, ప్లగ్గులు కొత్తవి. పెట్రోల్లో ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఇంకేం చూడాల?

జవాబు 1:
ఆయిల్ పాలు సరిపోయింది తమ్ముడూ. ఆగబోయేటప్పుడు పైపు మీది రబ్బరు బల్బు పిసుకు. పుంజుకుంటే పెట్రోలు అందడంలేదని లెక్క: ట్యాంకు మూత గాలి స్క్రూ మూసుకొనుంటుంది, లేదా పెట్రోలు పంపు డయాఫ్రం (లోపలి పల్చని పొర) చిరిగుంటుంది. పుంజుకోకుంటే వేడి మీదే స్పార్క్ చూడు, చల్లారినాక చూస్తే ఏమీ తెలీదు. ఆ కాలపు కాయిల్స్ (స్పార్కుకు కరెంటిచ్చే తీగచుట్టలు) పైపూత పగిలి, వేడెక్కినప్పుడే కరెంటు లీకవుతుంది. కాయిల్ కోసం ఫ్లైవీల్ తీస్తే పాయింట్ల (స్పార్కు కోసం కరెంటు తెంచే కాంటాక్టుల) గ్యాప్ కూడా 0.5 మిల్లీమీటరుకు పెట్టుకో.

జవాబు 2:
కాయిల్ కొనకముందే ఇంజను హెడ్డు మీద నీటిచుక్కలు చల్లు. చుయ్‌మని ఆవిరైతే ఇంజను చల్లబరిచే నీళ్ల పంపులోని ఇంపెల్లర్‌దే (రబ్బరు రెక్కల చక్రానిదే) తప్పు కావచ్చు. ఈ పాతవాటిలో చాలావాటికి పక్కనుంచి నీళ్ల ధార రాదు, మోటరు కాలు (నీళ్లలోకి దిగే భాగం) వెనక తుంపర మాత్రమే పడుతుంది, అందుకే పంపు చచ్చినా కనిపెట్టలేరు. పెన్నా ఇసుకకు రబ్బరు రెక్కలు తొందరగా అరుగుతాయి. కింది కాలు విప్పు. రెక్కలు వంగి అట్లే బిగుసుకుపోయుంటే మార్చాల్సిందే. కొత్తదానికి గ్రీజు పూసి, షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పుతా దించు. షాఫ్టులోని చిన్న పిన్ను జారితే ఇంపెల్లర్ తిరగదు, జాగ్రత్త. పనిలో పనిగా గేర్ ఆయిల్ కూడా చూడు, పాలలా తెల్లగా ఉంటే సీలు పోయినట్టే.