పాలపన్నుకు రూట్ కెనాలా? పీకించేద్దామా?

పీలేరు_పిల్ల: మావోడికి 5 ఏళ్ళు. కింది దవడపన్ను పుచ్చి గుంత పడింది. అర్ధరాత్రి లేచి బుగ్గ పట్టుకుని ఒకటే ఏడుపు. తిరుపతిలో పిల్లల పళ్ళ డాక్టరుకు చూపిస్తే రూట్ కెనాల్ చేసి క్యాపు వేయాలన్నారు. మా ఆయనేమో ‘ఊడిపోయే పన్నుకు అంత డబ్బా, పీకించెయ్’ అంటాడు. ఏం చేసేది?

కాణిపాకం_తాత: మా కాలంలో ఇవన్నీ యాడుండాయమ్మా? యాపపుల్ల నమిలినాం, అంతే. నాకు 67. చెరుకుగడ ఇప్పటికీ పంటితోనే చీలుస్తా. పేస్టులొచ్చినాకే పళ్ళు పోయినాయి.

బీడీఎస్_ఆఖరేడు: అక్కా, ముందుపళ్ళయితే 6, 7 ఏళ్ళకు ఊడతాయి. దవడపళ్ళు 10, 12 ఏళ్ళ దాకా ఉండాల. ఇప్పుడే పీకేస్తే పక్కపళ్ళు ఆ సందులోకి ఒరిగి, కింద నుంచి వచ్చే పన్నుకు చోటు ఉండదు. పీకక తప్పదంటే స్పేస్ మెయింటెయినర్ (ఆ సందు మూసుకుపోకుండా పెట్టే చిన్న కమ్మీ) గురించి అడగండి. ఇంకోటి, 6 ఏళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే వెనకాల ఒక దవడపన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సింది. పాలపన్నే అనుకుని చానామంది వదిలేస్తారు.

చంద్రగిరి_కోట: క్యాపు వెండి రంగులో ఉంటుంది. మా పాప ఫొటోల్లో నోరే తెరవదు. ముందే చూపించమనండి.

కాణిపాకం_తాత: యాపపుల్లకు జవాబు రాలా.

బీడీఎస్_ఆఖరేడు: పుల్లతో పాచి పోతుంది, కాదనను. కానీ రెండు దవడపళ్ళ నడుమ సందులోకి పుల్ల పోదు తాతా. పైగా పన్ను పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడు పుల్లలో ఉండదు. పేస్టులో అది కనీసం 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వెయ్యి) ఉండాల. 3 ఏళ్ళ లోపు బియ్యపుగింజంత, ఆ తర్వాత 6 ఏళ్ళ దాకా బఠాణీగింజంత చాలు.

పలమనేరు_ఫిల్టర్: ఫ్లోరైడా! నల్గొండలో జనాల కాళ్ళు వంకర పోయింది దేనివల్ల?

బీడీఎస్_ఆఖరేడు: అది ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళ వల్ల. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదంటారు, అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండింది. పేస్టు ఉమ్మేస్తాం కదా.

పలమనేరు_ఫిల్టర్: పిల్లోడు ఉమ్ముతాడని గ్యారంటీ ఏంది?

బీడీఎస్_ఆఖరేడు: అక్కా, రాత్రి పండుకునే ముందు బాబు ఏం తింటాడు?

పీలేరు_పిల్ల: నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి 8 అవుతుంది. పొద్దంతా మా అత్త దగ్గరే. బొరుగుల ఉండ బుగ్గన పెట్టుకుని గంటసేపు టీవీ చూస్తాడు. రాత్రి బెల్లం పాలు సీసాలో పోసి పండబెడతాది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. చక్కెర కాదు కదా, బెల్లమే కదా అంటాది.

కాణిపాకం_తాత: తిప్పి తిప్పి ముసిలిదాని మీదికే తెచ్చినావు. పొద్దున 7కు బిడ్డను మా మీద పడేసి పోతారు. గుక్కపెట్టి ఏడ్చేవోడికి బెల్లంముక్క కాకపోతే ఏం పెట్టాల? పోయిన నెల మా మనవడికి పన్ను పీకినారు. కోడలు నాతో వారం మాట్లాడలా. పుచ్చిన పన్నుకే మేం గుర్తొస్తామా?

పీలేరు_పిల్ల: నేను మీ కోడల్ని కాదు, నా మీద అరవొద్దు. సీసా తీసేస్తే మళ్ళీ లేస్తాడు. నాకు పొద్దున 5కు లేవాల. అందుకని నేనూ చూసీ చూడనట్టు వదిలేస్తా. ఈ మాట మా అత్తకు ఎప్పుడూ చెప్పలా.

బీడీఎస్_ఆఖరేడు: బెల్లమైనా చక్కెరైనా నోట్లో ఉండే కంటికి కనపడని సూక్ష్మక్రిములకు ఒకటే, తిని ఆమ్లం వదులుతాయి. నిద్రలో ఎంగిలి తక్కువ ఊరుతుంది కాబట్టి ఆ పాలు పళ్ళకు అట్లే అంటుకుని ఉంటాయి. సీసాలో బెల్లం రోజూ కొంచెం తగ్గించి, చివరికి ఒట్టి నీళ్ళకు తీసుకురండి. ఎంత తిన్నాడనేదే కాదు, రోజుకు ఎన్నిసార్లు నోట్లో పెట్టాడనేది కూడా లెక్కే.

కాణిపాకం_తాత: అట్లయితే అన్నంతో పాటు ఒకేసారి ఉండ పెడితే?

బీడీఎస్_ఆఖరేడు: పొద్దంతా చప్పరించే దానికన్నా శానా మేలు తాతా.

పీలేరు_పిల్ల: సోమవారం పోతా ఉండాం. అత్త కూడా వస్తానంటాది, డాక్టరు నోటితోనే వినాలంట.

పలమనేరు_ఫిల్టర్: ఉమ్మే సంగతి ఎవరూ తేల్చలా.