ఓసీడీ ఉన్నవారికి పని చేతికి అలవాటు కావడం ఎందుకు కష్టమవుతుంది?

ప్రశ్న (గుణుపురం, రాయగడ జిల్లా)

నమస్కారం. మాది వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం. ఇంట్లో తెలుగే మాట్లాడినా, మా తమ్ముడికి చిన్నప్పుడు బజారులో తిరుగుతూనే, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ఒడియా వచ్చింది. ఇప్పుడు అతనికి 24 ఏళ్లు. రెండేళ్ల కిందట డాక్టరుగారు ఓసీడీ (ఒకే అనుమానం వదలక, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక జబ్బు) అని నిర్ధారించారు, మందులు వాడుతున్నాడు. ఆరు నెలలుగా మా మావయ్యగారి దగ్గర టైలరింగ్ నేర్చుకుంటున్నాడు. కొలతలు, కటింగ్ లెక్కలు త్వరగానే పట్టుకున్నాడు కానీ, తొక్కుడు మిషను మీద కాలూ చెయ్యీ ఇంకా కుదరడం లేదు. నాలుగు అంగుళాలు కుట్టి ఆపి, కుట్టు సరిగ్గా పడిందా అని అడుగుతాడు, బాగుందని చెప్పినా విప్పి మళ్ళీ కుడతాడు. ఆలోచించకుండానే చేతికి పని పట్టుబడే శక్తి ఈ జబ్బు వల్ల పోతుందా?

జవాబు (బ్రహ్మపురం, మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు)

పోదండీ. మీరు అడిగినదాన్ని మా శాస్త్రంలో అవ్యక్త అభ్యసనం అంటారు. దీన్ని కొలవడానికి 1987లో నిసెన్, బులెమర్ అనే పరిశోధకులు ఒక పరీక్షను రూపొందించారు. తెర మీద నాలుగు చోట్లలో ఒకచోట గుర్తు కనిపిస్తుంది, దానికి సరిపోయే మీట నొక్కాలి. గుర్తులు ఒక వరుసలో తిరిగి తిరిగి వస్తున్నాయని ఎవరూ చెప్పరు, అయినా కొంతసేపటికి వేళ్లు వేగం అందుకుంటాయి. ఆ వరుసను మార్చగానే వేగం పడిపోతుంది కాబట్టి, మనిషి దాన్ని నేర్చుకున్నాడని తెలుస్తుంది.

1997లో రాచ్ బృందం ఓసీడీ ఉన్నవారితో ఈ పరీక్ష చేయిస్తూ మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్‌తో గమనించింది. వారూ వరుసను నేర్చుకున్నారు. అయితే ఇతరులలో ఈ పనికి పూనుకునే స్ట్రయేటమ్ అనే లోపలి భాగం వారిలో ఆ విధంగా పూనుకోలేదు, తెలిసి గుర్తుపెట్టుకోవడానికి వాడే హిప్పోక్యాంపస్ వైపు భాగాలు చురుకయ్యాయి. అంటే దారి వేరు, చేరిన చోటు ఒకటే. ఆ రెండో దారి ఖాళీగా లేకపోతే ఏమవుతుందనేది 2002లో డెకర్స్‌బాఖ్ బృందం చూసింది. అదే సమయంలో తెలిసి గుర్తుంచుకోవలసిన మరో పని కూడా ఇచ్చినప్పుడు, ఓసీడీ ఉన్నవారి అవ్యక్త అభ్యసనం ఇతరులకంటే తగ్గింది. ఇవి కొద్దిమంది సగటు ఫలితాలు కాబట్టి మీ తమ్ముడి మెదడులో ఇదే జరుగుతోందని నేను చెప్పలేను. కానీ కాలు తొక్కుతుండగా మనసు ప్రతి కుట్టునూ లెక్కపెడుతుంటే, అది ఆ రెండో పనిలాంటిదేనని నాకు అనిపిస్తుంది.

జవాబు (పర్లాకిమిడి)

నాకూ ఓసీడీ ఉంది. టైపు నేర్చుకునేటప్పుడు వేళ్లు కదులుతుండగానే మనసులో ప్రతి అక్షరాన్ని మూడుసార్లు అనుకునేవాణ్ణి, తప్పు పడిందేమోనని ఆగి చూసేవాణ్ణి. విశాఖపట్నంలో చికిత్స చేసిన సైకాలజిస్టుగారు, పేజీ చివరిదాకా వెనక్కి చూడకూడదని నియమం పెట్టారు. మొదటి రోజు నాలుగు వరుసలకే గుండె దడదడలాడింది. ఆ దడ దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవడమే అభ్యాసమని ఆయన చెప్పారు. కొన్ని వారాల తర్వాత ఒకరోజు, పేజీ సగం దాటినా నేను అక్షరాలు అనుకోలేదని గమనించాను. తమ్ముడిగారిని తొందరపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కుట్టు బాగుందా అని అతను అడిగితే, మరి మేము ఏమని చెప్పాలి?

జవాబు (బ్రహ్మపురం అధ్యాపకురాలు)

ప్రతిసారీ బాగుందని చెప్పడం ప్రేమతో చేసేదే అయినా, అది ఆ అనుమానానికి మేత వేస్తుంది. అలాగని ఒక్కసారిగా మౌనం వహించడం కూడా సరికాదు. ముందుగా అతనితోనే మాట్లాడి, ఏమని బదులివ్వాలో ఒప్పందం చేసుకోండి. "ఇది ఓసీడీ అడుగుతున్న ప్రశ్న, అంచు పూర్తయ్యాక చూద్దాం" అనడం ఒక పద్ధతి. పైవారు చెప్పినది, భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూ, పదే పదే సరిచూసుకోవడంలాంటి తంతును ఆపుకునే చికిత్స, 1966లో విక్టర్ మేయర్ ప్రచురించిన పనితో మొదలైంది. దాన్ని శిక్షణ ఉన్నవారి దగ్గరే చేయించాలి, మందులు డాక్టరును అడగకుండా మానకూడదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, అది ఉచితం.

ఈలోగా పాత గుడ్డముక్క ఇచ్చి, దారం ఎక్కించకుండా మిషను తొక్కమనండి. దారం లేకపోతే విప్పడానికి కుట్టే ఉండదు, కాలికి మాత్రం లయ అలవాటవుతుంది.