పికప్ మీది పాత కంపెనీ స్టిక్కర్లు: తీసేయడమా, ఉంచుకోవడమా?

హోసకోటె తోట:
మాది 2013 నాటి డబుల్ క్యాబ్ పికప్, ముదురు ఎరుపు రంగు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. రెండు వైపులా తలుపుల మీదుగా వెనుక తొట్టి దాకా కంపెనీ వేసిన వెండి, నలుపు చారలున్నాయి, టెయిల్ గేట్ (తొట్టి వెనుక తలుపు) మీద పెద్ద అక్షరాలున్నాయి. హోసకోటె నుంచి బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కు పూలు తెచ్చే బండి కావడం వల్ల అది ఏళ్ల తరబడి ఎండలోనే నిలుస్తోంది. చారలు నెర్రెలు విచ్చి అంచులు పైకి లేచాయి, ఆ అంచుల కింద మట్టి చేరి నల్లగా గడ్డకట్టింది. తీసేయాలని నా కోరిక, ముట్టుకోవద్దని మా అన్నయ్య మాట. టింకరింగ్ షాపు ఆయన మాత్రం గ్రైండర్‌కు రబ్బరు చక్రం తగిలించి అరగంటలో లేపేస్తానంటున్నారు. బండ్ల రంగు గురించి తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరా?

పాత బండి ప్రియుడు:
మీ అన్నయ్యగారి మాటే నా మాట. పాత బండి కొనేవాడు మొదట చూసేది బండికి దెబ్బ తగిలిందా లేదా అన్నదే. తలుపు నలిగి మళ్లీ రంగు వేయించినప్పుడు చాలామంది స్టిక్కర్ ఖర్చు దండగనుకొని వదిలేస్తారు, వేయించినా చార ఒక తలుపు నుంచి మరో తలుపుకు సరిగా కలవదు. అందువల్ల కంపెనీ చారలు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే ఆ రేకు ఇంకా అసలు రంగుతోనే ఉందని నమ్మవచ్చు. చూపులకు బాగుండదన్న ఒక్క కారణంతో ఆ సాక్ష్యాన్ని మీ చేతులతోనే చెరిపేసుకోవడం నాకు తెలివైన పనిగా తోచడం లేదు. పైగా తీసిన తర్వాత చార స్థానంలో చార అచ్చు కనిపిస్తుంది, అప్పుడు పాత స్టిక్కరే నయమనిపిస్తుంది.

రంగుల మేస్త్రి:
అచ్చు పడుతుందన్న మాట నిజమే. కానీ అన్ని అచ్చులూ ఒక రకం కావు, ఈ వివాదమంతా ఆ తేడా దగ్గరే తేలుతుంది. స్టిక్కర్ కింద ఉన్న రంగు ఎండ చూడలేదు కాబట్టి కొత్తగా ఉంటుంది, దాని చుట్టూ ఉన్నది పాలిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి చల్లగా తగిలినంత మాత్రాన ఇక్కడి ఎండలో అతినీలలోహిత కిరణాలు తక్కువనుకోకూడదు. ఎరుపు రంగులు మిగతా రంగులకంటే త్వరగా పాలిపోతాయన్నది పెయింటర్లందరికీ తెలిసిన విషయమే.

ఇక ఆ పాలిపోవడం ఏ పొరలో జరిగిందన్నది చూడాలి. కార్ల మీద సాధారణంగా ప్రైమర్, దాని మీద రంగు పొర, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. కంపెనీ రంగు మొత్తం మందం 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య, అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు ఉంటుంది. అయితే సరుకు రవాణా బండ్లకు, ముఖ్యంగా మెటాలిక్ కాని రంగులలో, క్లియర్ కోట్ లేకుండా ఒకే పొరగా మెరుపు రంగు కొట్టడం మామూలే. అలాంటి రంగు పైభాగం మాత్రమే ఎండకు సున్నంలా తేలి తెల్లబోతుంది, దాన్ని కాంపౌండ్‌తో (పైపొరను సన్నగా అరగదీసే పాలిష్ పేస్టు) రుద్దితే కింద ఉన్న అసలు ఎరుపు బయటపడుతుంది, అచ్చు చాలావరకు కలిసిపోతుంది. క్లియర్ కోట్ కింద ఉన్న రంగే వెలిసిపోతే మాత్రం ఎంత పాలిష్ పట్టినా లాభం లేదు, ఎందుకంటే మీ గుడ్డ ఆ పొరను తాకనే తాకదు. అంతకంటే పట్టుదలగా రుద్దితే క్లియర్ కోట్ పలచబడి కొన్నాళ్లకు పొలుసులుగా లేస్తుంది.

ఏ రకమో తెలుసుకోవడం తేలిక. శుభ్రమైన తెల్ల గుడ్డకు కొద్దిగా కాంపౌండ్ రాసి, కంటికి కనబడని చోట రుద్దండి. గుడ్డ ఎర్రబడితే ఒకే పొర రంగు, ఎర్రబడకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టు. తర్వాత స్టిక్కర్ అంచు మీద గోటిని నడపండి. గోటికి అంచు తగలకపోతే ఆ స్టిక్కర్ మీద కూడా క్లియర్ కోట్ కొట్టారని అర్థం, మోటార్ సైకిల్ ట్యాంకుల మీద ఈ పద్ధతి ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని తీయాలంటే రంగు వేయించడం ఒక్కటే దారి. మీ చారల అంచులు పైకి లేచాయన్నారు కాబట్టి ఆ భయం మీకు లేదు.

వైట్‌ఫీల్డ్ వాసి:
మేస్త్రిగారు అచ్చు సంగతి వివరంగా చెప్పారు గానీ తీసే పద్ధతి చెప్పలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి మెల్లగా లాగండి అని అందరూ సలహా ఇస్తారు. మూడు నాలుగేళ్ల స్టిక్కర్‌కు ఆ సలహా సరిపోతుంది. పదేళ్లు ఎండిన వినైల్‌లో, అంటే స్టిక్కర్ ప్లాస్టిక్‌లో, మెత్తదనమంతా పోయి ఉంటుంది, అది సరిగా ఉడకని గుడ్డు పెంకులా గోరంత గోరంత ముక్కలుగా ఊడుతుంది. రెండు వైపులా చారలు చేత్తో తీయాలంటే ఆదివారాలన్నీ దానికే పోతాయి. అలాంటి వాటి కోసమే రబ్బరు చక్రం పుట్టింది; అది వినైల్‌ను, జిగురును కలిపి అరగదీస్తుంది, గట్టిపడిన రంగును అంత సులభంగా కోయదు. టింకరింగ్ ఆయన మాటను కొట్టిపారేయవద్దు.

రంగుల మేస్త్రి:
చక్రం మీద నాకు అభ్యంతరం లేదు, దాన్ని గ్రైండర్‌కు తగిలించడం మీదనే ఉంది. ఈ చక్రాలు సాధారణంగా నిమిషానికి 4,000 చుట్లకు మించని వేగం కోసం తయారవుతాయి, అందుకని వాటిని డ్రిల్ మెషీన్‌కు తగిలిస్తారు. వెల్డింగ్ పనికి వాడే చిన్న గ్రైండర్ 10,000 చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగంలో చక్రమే ముక్కలై ఎగిరిపడవచ్చు. పడకపోయినా, ఒకే చోట కాస్త ఎక్కువసేపు ఆపితే రాపిడి వేడికి రంగు కాలి మచ్చ కడుతుంది, ఆ మచ్చ ఏ పాలిష్‌కూ పోదు. డ్రిల్ అయితే చేతిని ఆపకుండా, బలంగా అదమకుండా, రేకు వేడిని మధ్యమధ్య అరచేత్తో చూసుకుంటూ చేయవచ్చు. రేకు మలుపులు, అంచుల దగ్గర చక్రం అసలు వద్దు, అక్కడ రంగు ఎప్పుడూ పలచగానే ఉంటుంది.

ముందు వేడితోనే మొదలుపెట్టి, రానిచోటనే చక్రం వాడటం నా పద్ధతి. రేకు చేతికి వేడిగా తగిలి, చేయి తీసేయాలనిపించేంత, అంటే 50, 60 డిగ్రీలు చాలు. హీట్ గన్ గరిష్ఠ వేడి 500 డిగ్రీలు దాటుతుంది కాబట్టి దాన్ని దూరంగా పట్టుకొని ఆడిస్తూ ఉండాలి. ఊడిన అంచును నిటారుగా పైకి లాగకుండా, స్టిక్కర్ మీదికే మడిచి రేకుకు దగ్గరగా నెమ్మదిగా లాగితే జిగురు కూడా చాలావరకు దానితోనే వస్తుంది. గీరడానికి ప్లాస్టిక్ బ్లేడు, లేదంటే పాత ఏటీఎం కార్డు వాడండి, ఇనుప బ్లేడు మాత్రం పనికిరాదు. మిగిలిన జిగురుకు నీలగిరి తైలం గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ గుడ్డకు తడిపి కొద్దిసేపు ఉంచితే మెత్తబడుతుంది. షాపుల్లో చేతికందే థిన్నర్‌ను మాత్రం రానివ్వకండి, అది మళ్లీ వేసిన రంగును కరిగించేస్తుంది. పెట్రోలు సంగతి వేరే చెప్పనక్కరలేదు, వేడి పనిముట్టు పక్కన దాన్ని ఉంచడమే ప్రమాదం.

పాత బండి ప్రియుడు:
పద్ధతి మీద నాకు పేచీ లేదు. సాక్ష్యం సంగతికి ఎవరూ జవాబివ్వలేదు. ఇంకొక్క మాట, తీసే హడావుడిలో రిఫ్లెక్టివ్ టేపును కూడా లాగేయకండి. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనుక ఎరుపు టేపు లేకపోతే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర బండిని ఆపుతారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ తప్పదు కదా. ముందు అద్దం లోపలి రిజిస్ట్రేషన్ నంబరు స్టిక్కర్ జోలికి కూడా పోకండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
సాక్ష్యానికి జవాబు నేను చెబుతాను. ఇలాంటి చారలను ఏ స్టిక్కర్ షాపులోనైనా కొలతలు తీసుకొని అచ్చంగా కోసి ఇస్తారు. బండి సామాన్ల షాపులుండే బెంగళూరు జె.సి. రోడ్డులో ఒకసారి నడిచి వస్తే చాలు, స్టిక్కర్‌ను చూసి రేకును నమ్మడం మానేస్తారు. రంగు మందం కొలిచే చిన్న మీటరు పాత కార్లు పరీక్షించేవారి దగ్గర దొరుకుతుంది. దాన్ని రేకు మీద ఆనించండి, మళ్లీ రంగు వేసిన చోట మందం కంపెనీ రంగుకంటే బాగా ఎక్కువ చూపుతుంది; ప్లాస్టిక్ బంపర్ మీద అది పనిచేయదు.

హోసకోటె తోట:
అందరికీ ధన్యవాదాలు. తెల్ల గుడ్డ పరీక్ష చేశాము, టెయిల్ గేట్ మీదా కుడి తలుపుల మీదా గుడ్డ బాగా ఎర్రబడింది. తెలిసినవారి మీటరుతో కొలిపిస్తే అక్కడ 110, 120 మైక్రాన్లు చూపింది. ఎడమ వెనుక తలుపు మీద మాత్రం 400 దాటింది, గుడ్డకు రంగు అంటనే లేదు. విచిత్రమేమిటంటే ఆ తలుపు మీది చార పక్క తలుపు చారతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి ఉంది. మాకు అమ్మినవారు ఆ సంగతి చెప్పలేదు. ఇది విన్నాక మా అన్నయ్య కూడా తీయడానికి ఒప్పుకున్నారు. ఆ ఒక్క తలుపును ఏం చేయాలి?

పాత బండి ప్రియుడు:
ఆ తలుపు విషయంలో నా వాదన నిలవదు, ఒప్పుకుంటున్నాను. మిగతా రేకుల మీద మాత్రం నేనైతే ఇప్పటికీ ఉంచేస్తాను.

రంగుల మేస్త్రి:
400 అంటే కింద పుట్టీ (సొట్ట పూడ్చే పేస్టు) ఉండి ఉండాలి, పైన బయటి షాపులో కొట్టిన క్లియర్ కోట్ ఉంది. కాబట్టి అక్కడ అచ్చు పడితే పాలిష్‌తో పోదు, రంగు సరిగా పట్టకపోయి ఉంటే స్టిక్కర్‌తో పాటే పొరగా లేచి రావచ్చు కూడా. ముందు టెయిల్ గేట్ అక్షరాలలో చివరిదొకటి తీసి కాంపౌండ్ పట్టి చూడండి, బాగా వస్తే కుడి వైపుకు రండి. ఎడమ తలుపును చివరికి ఉంచి, కింది అంచు దగ్గర అంగుళం మేర తక్కువ వేడితో లేపి చూడండి. స్టిక్కర్ వెనుక ఎరుపు అంటుకొని వస్తే అక్కడే ఆపేసి, ఆ తలుపు ఒక్కదానికి రంగు వేయించే ఖర్చు ముందు కనుక్కోండి. ఆ రంగు కలిపించేటప్పుడు కంపెనీ రంగు కోడ్ నంబరు చెప్పి ఊరుకోకుండా, పాలిష్ పట్టిన కుడి తలుపును చూపించి కలిపించండి.