ఇంట్లో ప్లాస్మా కటింగ్ టేబుల్ చేసుకున్నవాళ్లు ఉన్నారా?

ఆటోనగర్_కుర్రాడు:
అన్నలూ, ఇంటి వెనక షెడ్డులో 4x4 అడుగుల సీఎన్‌సీ ప్లాస్మా టేబుల్ (కంప్యూటర్ చెప్పినట్టు కరెంటు ఆర్క్‌తో ఇనుము కోసేది) కడదామనుకుంటున్నా, గేట్ల డిజైన్లు గ్రిల్సూ కోయడానికి, ఎక్కువగా 2, 3 ఎంఎం ఎంఎస్ (మామూలు ఇనుప) షీటే. సింగిల్ ఫేజ్ కరెంటు. గాంట్రీకి (కోసే టార్చ్‌ని మోస్తూ టేబుల్ మీద కదిలే అడ్డ ఫ్రేముకి) ఎంత మందం ట్యూబ్ వెయ్యాలి?

బాలానగర్_ఫిట్టర్:
తమ్ముడూ ట్యూబ్ మందం గురించి బెంగ పడకు. మిల్లింగ్‌లో లాగా ఇక్కడ టూల్ షీట్‌ని ఒత్తదు, గాంట్రీ తేలిగ్గా ఉంటేనే మూలల్లో చకచకా తిరుగుతుంది, నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు సరిపోతాయి. ముందు ప్లాస్మా మెషీన్ హెచ్ఎఫ్ స్టార్టా (హై ఫ్రీక్వెన్సీ స్పార్క్‌తో ఆర్క్ మొదలయ్యేదా) కాదా అడిగి తెలుసుకో. హెచ్ఎఫ్ అయితే ఆ ఎలక్ట్రికల్ నాయిస్‌కి కటింగ్ మధ్యలో కంప్యూటర్ యూఎస్‌బీ కనెక్షన్ కట్ అయిపోద్ది, షీట్ పాడైపోద్ది. బ్లోబ్యాక్ పైలట్ ఆర్క్ (ఆ స్పార్క్ లేకుండా గాలి ఒత్తిడితో ఆర్క్ మొదలయ్యేది) ఉన్నదే తీసుకో, కొంచెం ఖరీదైనా సరే.

గేట్లపని:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా మాట కూడా ఒకటి విను, టార్చ్ ఎత్తుని తనే సరిచేసే హైట్ కంట్రోల్ (టీహెచ్‌సీ) లేకుండా మొదలుపెట్టకు. పల్చటి షీట్ వేడికి లేస్తుంది, టార్చేమో షీట్‌కి దాదాపు 1.5 ఎంఎం ఎత్తులోనే ఉండాలి. ఎత్తు పెరిగితే ఆర్క్ వోల్టేజ్ పెరుగుతుంది, అది చూసుకుని టీహెచ్‌సీ టార్చ్‌ని కిందకీ పైకీ జరుపుతుంది. కానీ మూలలో స్పీడ్ తగ్గినా వోల్టేజ్ పెరుగుతుంది, అప్పుడు టార్చ్ ఎత్తులో ఉందనుకుని కిందకి దించి షీట్‌కి గుద్దేస్తుంది, కాబట్టి మూలల్లో టీహెచ్‌సీ ఆగేలా సెట్ చెయ్యాలి. మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌సీఎన్‌సీలో ప్లాస్మా కోసమే ఉన్న క్యూటీప్లాస్మాసీ వాడు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

కాకినాడ_వెల్డింగ్:
గాలి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి! మా సముద్రం పక్కన వానాకాలంలో కంప్రెసర్ ట్యాంక్ నిండా నీళ్లే, ఆ తేమ టార్చ్‌లోకి పోతే నాజిల్, ఎలక్ట్రోడ్ ఊరికే అరిగిపోతాయి. డ్రయ్యర్ పెట్టు, ట్యాంక్ రోజూ డ్రెయిన్ చెయ్యి.

ఆటోనగర్_కుర్రాడు:
థాంక్స్ అన్నలూ. షీట్ కింద నీళ్ల ట్రే పెట్టొచ్చా?

గేట్లపని:
పెట్టాల్సిందే, ఇంటి దగ్గర కదా, పొగా దుమ్మూ చాలావరకు నీళ్లే పట్టేస్తాయి. అల్యూమినియం మాత్రం ఆ ట్రే మీద కొయ్యకు, కింద పడిన పొడి నీళ్లతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది, షీట్ కింద చేరితే పేలుద్ది. జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) షీట్ అయితే నీళ్లున్నా జింక్ పొగ వస్తుంది, షెడ్డు తలుపులు తీసి మాస్క్ పెట్టుకునే కొయ్యి, పిల్లల్ని అటు రానివ్వకు.