కుటుంబ ప్రార్థన అన్నానికి ముందా, తిన్నంకనా?

కల్వకుర్తి_తమ్ముడు:
అందరికీ వందనాలు. కుటుంబ ప్రార్థన రాత్రి అన్నానికి ముందే చేయాలని మా చర్చి సంఘంలో చెప్తున్నరు. పత్తి ఏరే రోజుల్లో తిన్నంక చేస్తే తప్పా?

జడ్చర్ల_విశ్వాసి:
ముందే చేయాలి. కడుపు నిండితే పిల్లలు బైబిల్ వాక్యం మధ్యలోనే నిద్రపోతరు. ఇంటి యజమాని వచ్చి కాళ్లు కడుక్కోగానే అందరూ చాప మీద కూర్చోవాలి. పాట, ఒక అధ్యాయం, ప్రార్థన. మొదటి పుస్తకం ఆదికాండం నుంచి వరుసగా చదవాలి.

హాలియా_అక్క:
తమ్ముడూ, వేళ కన్నా నిడివి ముఖ్యం. పాట రెండు చరణాలు చాలు. వాక్యం పది పన్నెండు వచనాలు, తలా మూడు పైకి చదవాలి. చదువు రాని చిన్నోళ్లతో ఒక వచనం పలికించాలి. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: ఇందులో దేవుడు ఏం చేసిండు? ఒక్కొక్కరు ఒక్క మాట ప్రార్థన, చివర యేసు నేర్పిన పరలోక ప్రార్థన. పదిహేను నిమిషాల్లో ముగించాలి. పెద్దాయన ఒక్కడే లోకమంతటి కోసం అరగంట ప్రార్థిస్తే మర్నాడు పిల్లలు తప్పించుకుంటరు.

వరుసగా మొదలుపెట్టినోళ్లు నిర్గమకాండం 25లో, ఆరాధన గుడారం సామగ్రి కొలతల దగ్గర నీరసపడతరు. సంఖ్యాకాండం 7కు 89 వచనాలు, పన్నెండు గోత్రాల ప్రధానులకూ అవే అర్పణలు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలు, రెండు నెలల్లో అయిపోతది.

దేవరకొండ_21:
ఫోన్‌లో చదివేటోళ్లు ఫ్లైట్ మోడ్ పెట్టండి. ఒక్క మెసేజ్ మోగితే ధ్యాస పోయినట్టే.

జడ్చర్ల_విశ్వాసి:
అడిగింది ముందా, తర్వాతా అని. అక్క దానికి జవాబు ఇయ్యలే.

హాలియా_అక్క:
ముందే మంచిది. కానీ యజమాని తొమ్మిదిన్నరకు వస్తే? పిల్లలు ఆకలితో కూర్చోవాల్నా? అన్నం ఉడికేలోపు తల్లి మొదలుపెట్టాలి.

జడ్చర్ల_విశ్వాసి:
అదే వద్దంటున్న. స్త్రీకి శిరస్సు పురుషుడు అని పౌలు రాసిండు, 1 కొరింథీ పత్రిక 11:3. తండ్రి ఉన్న ఇంట్లో తల్లి నడిపిస్తే క్రమం తప్పుతది.

హాలియా_అక్క:
అంటే గొడవ అన్నం గురించి కాదన్నమాట. అదే అధ్యాయం 5వ వచనం చదవండి. స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు తల మీద ముసుగుండాలని ఉంది, ప్రార్థనే చేయొద్దని లేదు. పౌలు శిష్యుడు తిమోతికి విశ్వాసం వచ్చింది అవ్వ లోయి, తల్లి యునీకే దగ్గర్నుంచి. చందాలు పోగుచేయడానికి మేం కావాలె, ఇంట్లో వాక్యం తీయడానికి పనికిరామా?

జడ్చర్ల_విశ్వాసి:
చందాల మాట ఇక్కడెందుకు? తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లిలాగ యూదుడు కాదు, ఆ ఇంటి సంగతి వేరు.

కల్వకుర్తి_తమ్ముడు:
మా దిక్కు చాలామంది మగోళ్లు ముంబై, పుణె పనులకు పోయి నెలల తరబడి ఇంట్లో ఉండరు. అట్లాంటి ఇండ్లు?

జడ్చర్ల_విశ్వాసి:
లేనప్పుడు తల్లి నడిపించొచ్చు. ఊర్లో ఉన్న రోజు మాత్రం ఆయనే.

హాలియా_అక్క:
ఊర్లో ఉండి కూడా కూర్చోనోళ్లు ఉన్నరు. వాళ్ల ఇంట్లో?

జడ్చర్ల_విశ్వాసి:
సంఘ పెద్దలకు చెప్పాలి. వాళ్లు మాట్లాడుతరు.

హాలియా_అక్క:
చెప్పండి, మంచిదే. వాళ్లు వచ్చి మాట్లాడేదాకా పిల్లలను వాక్యం లేకుండ పండబెట్టలేం.