మావారికి నిజాంపేటలో ఫ్లాట్ ఉంది. ఇంగ్లండ్‌లో ఇల్లు నా ఒక్కదాని పేరున కొంటే ఫస్ట్ టైమ్ బయ్యర్ అవుతానా?

శ్రావణమేఘం:
రెడింగ్ దగ్గర 4,00,000 పౌండ్ల ఇల్లు చూశాం, ఆఫర్ ఒప్పుకున్నారు. నా పేరున ఎక్కడా ఇల్లు లేదు. మావారి పేరున హైదరాబాద్‌లో 2017లో కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. మొదటినుంచీ అద్దెకే ఇచ్చాం, లోన్ ఇంకా నడుస్తోంది. ఇద్దరి పేర్లూ పెడితే ఫస్ట్ టైమ్ బయ్యర్లకి (మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి) ఇచ్చే స్టాంప్ డ్యూటీ రాయితీ పోతుందని ఏజెంట్ అన్నారు. నా పేరున మాత్రమే కొంటే 5,000తో సరిపోతుందా? నా లైఫ్‌టైమ్ ఐసాలో (మొదటి ఇంటికోసం దాచుకునే పొదుపు ఖాతా) 13,000 ఉన్నాయి, అవి వాడుకోవచ్చా?

కీలకం:
ఫ్లాట్ అలాగే ఉంచుకుంటే సరిపోదండీ. ఏజెంట్ సగమే చెప్పారు. ఇక్కడ చూసేవి రెండు.

రాయితీ విషయంలో కొనేవాళ్లను మాత్రమే చూస్తారు. కొనేవాళ్లలో ఒక్కరికైనా, ప్రపంచంలో ఏ మూలనైనా, ఎప్పుడైనా ఇల్లు ఉండి ఉంటే అందరికీ రాయితీ పోతుంది. మీరొక్కరే కొంటే ఇందులో పాసవుతారు.

రెండోది, రెండో ఇంటి మీద వేసే 5 శాతం అదనపు పన్ను. ఇది పేరు చూడదు, పెళ్లి చూస్తుంది. కలిసి ఉంటున్న భార్యాభర్తలు ఒకే మనిషి కింద లెక్క. ఆయన ఫ్లాట్ మీకూ అంటుకుంటుంది. ఈ పన్ను పడితే రాయితీ అడగడానికే లేదు.

మీ 4,00,000కి లెక్క (2025 ఏప్రిల్ తర్వాతి రేట్లు): రాయితీ వస్తే మొదటి 3,00,000కి సున్నా, మిగతా లక్షకి 5 శాతం, అంటే 5,000. మామూలు రేటైతే 10,000. అదనపు పన్నుతో కలిపితే 30,000. ఇల్లు 5,00,000 దాటితే రాయితీ మొత్తానికే ఉండదు.

పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లకు ఈ రెండో చిక్కు లేదు. వేల్స్‌లో కొనేవాళ్లు ఇదంతా పక్కన పెట్టండి, అక్కడ ఫస్ట్ టైమ్ బయ్యర్ రాయితీయే లేదు.

పౌండురూపాయి:
ముందు ఆ ఫ్లాట్ విలువ కట్టించండి. 40,000 పౌండ్లలోపు ఉంటే అదనపు పన్నుకి లెక్కలోకే రాదు. పౌండు 120 రూపాయల లెక్కన అది 48 లక్షలు. చూసేది ఈనాటి మార్కెట్ ధర, 2017లో పెట్టిన ధర కాదు, లోన్ తీసేసిన మిగులూ కాదు. 70 లక్షల ఫ్లాట్ మీద 50 లక్షల లోన్ ఉన్నా అది 70 లక్షల ఫ్లాటే. ఆ 48 లక్షలకు లోపే ఉంటే మీ ఒక్కరి పేరున 5,000తో అయిపోతుంది. ఆయన పేరు కలిపితే మాత్రం ఫ్లాట్ ఎంత చిన్నదైనా రాయితీ పోయినట్టే.

శ్రావణమేఘం:
60 లక్షల పైనే ఉంటుందండీ. మామగారి పేరున గిఫ్ట్ డీడ్ రాస్తే?

కీలకం:
నిజంగా ఇచ్చేస్తే చెల్లుతుంది. కంప్లీషన్ రోజు (ఇక్కడి ఇల్లు మీ చేతికొచ్చే రోజు) ముగిసేసరికి ఫ్లాట్ మీవారి చేతిలో ఉండకూడదు. అంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టరై ఉండాలి. అమ్మినా అంతే, అడ్వాన్స్ తీసుకుని అగ్రిమెంట్ రాసుకుంటే చాలదు. ఇక్కణ్ణుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆలస్యం అక్కడే అవుతుంది. పొరపాటున కూడా మీ పేరున గిఫ్ట్ రాయించుకోకండి, ఉన్న అర్హతా పోతుంది. అద్దె ఇంకా మీవారి ఖాతాలోకే వస్తుంటే అది ఉత్తుత్తి గిఫ్టని తేలిపోతుంది.

పైగా తండ్రికి ఊరికే ఇచ్చినా, యూకే పన్నువాళ్లు మార్కెట్ ధరకు అమ్మినట్టే లెక్కేసి లాభం మీద 18 లేదా 24 శాతం అడుగుతారు. అమ్మితే ఇండియాలో కట్టిన పన్ను ఇక్కడ తగ్గించుకోవచ్చు, గిఫ్ట్‌కి అక్కడ కట్టేదే ఉండదు కాబట్టి తగ్గించుకోడానికీ ఏమీ ఉండదు. 25,000 మిగిలిందనుకునే ముందు ఈ లెక్క వేయండి.

ముందు 30,000 కట్టి తర్వాత ఫ్లాట్ అమ్మి వెనక్కి తెచ్చుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. కొన్న రోజుకి ముందు మూడేళ్లలో ఎప్పుడైనా మీరు కాపురమున్న ఇల్లయితేనే ఆ రీఫండ్. అద్దెకిచ్చిన ఫ్లాట్‌కి రాదు.

తాళంచెవి:
ఐసా సంగతి వేరు. అది ఎవరిది వాళ్లదే. ఆయన పేరు కలిపి కొన్నా మీ 13,000 వాడుకోవచ్చు. ఖాతాలో మొదటి డబ్బు వేసి 12 నెలలు నిండాలి, ఇల్లు 4,50,000 దాటకూడదు, మార్ట్‌గేజ్ మీదే కొనాలి. డబ్బు మీరు తీయొద్దు, నేరుగా సొలిసిటర్‌కే (కొనుగోలు పని చూసే లాయర్) వెళ్లాలి. మీరు తీస్తే 25 శాతం, అంటే 3,250 కోత.

మీ ఒక్క జీతం మీద లోన్ చాలకపోతే, ఇద్దరి జీతాలూ చూసి దస్తావేజులో ఒక్క పేరే పెట్టే 'జాయింట్ బారోయర్ సోల్ ప్రొప్రైటర్' లోన్ ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. మీవారు డిపాజిట్‌కి డబ్బిస్తే అది బహుమతేనని, ఇంట్లో వాటా అడగనని ఉత్తరం రాసివ్వాలి. లోపాయికారీగా 'సగం ఆయనది' అని ట్రస్ట్ డీడ్ రాసుకున్నారా, ఆయనా కొన్నవాడే అవుతాడు, రాయితీ పోతుంది. స్టాంప్ డ్యూటీ రిటర్న్ కంప్లీషన్ తర్వాత 14 రోజుల్లో సొలిసిటర్ వేస్తారు, రాయితీ కోడ్ 32. తప్పు పడితే బాధ్యత మీదే.

ఇంకొకటి. 'నా పేరున ఇల్లు లేదు' అన్నారు. మీ నాన్నగారు గానీ అమ్మగారు గానీ వీలునామా లేకుండా పోయి, వాళ్లకు ఊళ్లో ఇల్లుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురిగా అందులో మీకూ వాటా ఉంటుంది. మ్యుటేషన్ చేయించకపోయినా, అన్నయ్యే ఉంటున్నా సరే. వారసత్వంగా వచ్చిన వాటా ఉన్నా ఫస్ట్ టైమ్ బయ్యర్ కాదు, ఐసాకీ అదే నియమం. ఖాళీ స్థలం, పొలం ఐతే ఇబ్బంది లేదు. సొలిసిటర్ ఫారంలో టిక్ పెట్టేముందు పుట్టింట్లో ఒక ఫోన్ చేసి కనుక్కోండి.